టైపు జాగ్రత్త

మార్చి 4, మంగళవారం

పొద్దున కంప్యూటరు ఆన్ చేస్తే లోపల టిక్కు టిక్కుమని చప్పుడు. ఇదివరకు రెండు మూడుసార్లు అలా అని ఊరుకునేది. ఇవాళ ఆగలేదు. తెర మీద బొమ్మ రావడానికి పదకొండు నిమిషాలు పట్టింది.

వీధి మలుపులో టీవీ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఒకప్పుడు టీవీలు బాగుచేసేవాడు. ఇప్పుడు కంప్యూటర్లు బాగుచేస్తున్నాడు. పేరు మాత్రం అదే ఉండిపోయింది. ముప్పై ఏళ్ళు టీవీల మోత మధ్య బతికాడు. మెల్లగా మాట్లాడటం రాదు.

"హార్డ్ డిస్కు పోతోంది పెద్దాయనా. పూర్తిగా పోయేలోపు మార్చేద్దాం. సిస్టం కూడా కొత్తది ఎక్కిస్తా. మీరు వాడేది ఇప్పుడు ఎవరూ వాడట్లేదు."

"పెట్టె పాతది కదా, పడుతుందా?"

"ముసలాళ్ళకి గుండె రిపేర్లు చెయ్యట్లేదా? ఇదీ అంతే."

గుండె మాట నాకు నచ్చలేదు. తెలియక అన్నాడు. ఇరవై ఆరో తారీకున మా ఆవిడకు ఆపరేషను. గుండెలో వాల్వు మారుస్తారు.

ఆవిడ ముప్పై ఒక్క ఏళ్ళు కాన్పుల వార్డులో నర్సుగా చేసింది. చూపు పోయి నాలుగేళ్ళయింది. చూపు పోయాక చెప్పడం మొదలుపెట్టింది. తన చేతుల మీదుగా జరిగిన కాన్పుల్లో ఇరవై ఏడు. ఆవిడ చెప్పింది, నేను టైపు చేశాను. మూడేళ్ళు పట్టింది. ఉన్నది ఆ ఒక్క పెట్టెలోనే.

నిన్న రాత్రి అన్నం తింటూ అంది. "బల్ల ఎక్కేముందు మొత్తం ఒకసారి వింటాను. తప్పులుంటే నేనుండగానే దిద్దాలి."

నేనుండగానే అన్న మాట దగ్గర కొంచెం ఆగింది. నేను మంచినీళ్ళు అందించాను.

మార్చి 5, బుధవారం

పెట్టె ఇచ్చి వచ్చాను. టైపు జాగ్రత్త అని రెండుసార్లు చెప్పాను. సరే అన్నాడు.

మార్చి 6, గురువారం

బల్ల మీద పెట్టె ఉన్నంత మేర దుమ్ము లేదు. ఆవిడ చేత్తో తడిమి చూసి, "ఇంకా రాలేదా?" అంది.

మార్చి 7, శుక్రవారం

పెట్టె వచ్చింది. తెర అరనిమిషంలో వెలిగింది. చప్పుడు లేదు. నాకు భయం వేసింది. చప్పుడు ఉంటే లోపల ఏదో పని జరుగుతోందని తెలిసేది.

ఫైలు తెరిచాను. పేజీలు నూట పన్నెండు, ఉన్నాయి. మొదటి పేజీలో ఇరవై ఏడు వరుసల పట్టిక, ఉంది. తెలుగు అక్షరాలు లేవు. అంతా ఇంగ్లీషు. ఇంగ్లీషు కూడా కాదు. పెద్ద ఎఫ్, పక్కన సెమికోలను, ఏడు అంకె, తెరిచి మూయని బ్రాకెట్టు. నూట పన్నెండు పేజీల నిండా అదే. నేను పనిచేసిన ప్రెస్సులో అక్షరాల గళ్ళపెట్టె, మేం కేసు అనేది, చెయ్యి జారి నేల మీద బోర్లా పడితే ఇలాగే ఉండేది. అలాంటి రోజు ఎవరూ ఎవరితో మాట్లాడేవాళ్ళం కాదు.

ఫోన్ చేశాను.

"టైపు లేదయ్యా."

"ఎందుకుండదు? టైపు చేసినవన్నీ తీశాను. ఒక్క ఫైలు వదల్లేదు."

"టైపు చేసినవి కాదు. టైపు."

"నేను చెప్పేదీ అదే కదా పెద్దాయనా."

మా ప్రెస్సులో టైపు అంటే సీసం అక్షరాలు. కేసులోంచి ఒక్కోటి వేళ్ళతో తీసి పేర్చేవాళ్ళం. తర్వాత కంప్యూటర్లు వచ్చాయి. వాటి లోపలి అక్షరాలను కూడా టైపు అనే అన్నాం. బయట వాటిని ఫాంటు అంటారు. ఆ మాట నాకు తెలుసు. మొన్న దుకాణంలో నోటికి రాలేదు. ఇంకో నాలుగు మాటలు కలిపి చెప్పి ఉంటే సరిపోయేది. పక్కన ఇద్దరు మనుషులు నిలబడి ఉన్నారు.

"పాత డిస్కులో ఉంటాయి. తీసి పెట్టు."

"అది పోయింది పెద్దాయనా. మీ ఫైళ్ళు ఇటు రావడం, అది అటు ఆగిపోవడం. ప్రాణం బిగబట్టుకుని పని చేసింది."

మూడు గంటలకు ఆవిడ వచ్చి కిటికీ పక్క కుర్చీలో కూర్చుంది. జుట్టు దువ్వుకుంది. చీర మార్చుకుంది.

"మొదలెట్టండి."

చెప్పాలనుకున్నాను. ఆవిడ ఊపిరి ఎగపోసుకుంటోంది. కుర్చీ దాకా నడిచినందుకే అంత ఆయాసం. గుండె డాక్టరు ఇరవై ఆరు దాకా కంగారు పెట్టే మాట ఏదీ చెవిన పడకూడదన్నాడు.

తెర వైపు తిరిగి కూర్చుని మొదటి భాగం చెప్పాను. లిఫ్టులో పుట్టినవాడు. నేను టైపు చేసిందే, మూడుసార్లు ప్రూఫు చూసిందే. రెండోది కూడా చెప్పాను. కవలలు, రాత్రి పన్నెండు గంటలకు ఇటొకడు అటొకడు, ఇద్దరికీ రెండు వేరే పుట్టినరోజులు.

అబద్ధం కాదు. చూడకుండా చదవడం, అంతే.

మార్చి 8, శనివారం

ఆ అక్షరాలు ఒక సీడీలో కూడా ఉండేవని పొద్దున పళ్ళు తోముకుంటుంటే గుర్తొచ్చింది. బీరువా అంతా వెతికాను. అట్టపెట్టె దొరికింది. లోపల ఖాళీ.

బాల్కనీలో దొరికింది. పావురాలు రాకుండా దారం కట్టి వేలాడదీశాం. ఆరేళ్ళయింది. ఎండకు అద్దంలా అయిపోయింది, అవతల గోడ కనిపిస్తోంది. వేలాడదీసింది నేనే. మూడు సీడీలు ఉంటే దీన్నే ఎంచుకున్నాను, బాగా మెరుస్తోందని.

దాని పక్కనే రెండు పావురాలు కూర్చుని ఉన్నాయి.

మధ్యాహ్నం మూడు, నాలుగు చదివాను.

మార్చి 9, ఆదివారం

ఆదివారాలు చదవం. మా అమ్మాయి వస్తుంది. బడిలో లెక్కలు చెబుతుంది, వారమంతా తీరదు.

టీవీ డాక్టరు కూడా వచ్చాడు. మెల్లగా అని చేత్తో సైగ చేశాను. ఆయన దృష్టిలో అది మెల్లగానే.

"ఇంటర్నెట్టులో మార్చే పద్ధతి ఉంది. పాత ఫాంటు ఇటు వేస్తే కొత్త ఫాంటు అటు వస్తుంది. చూద్దాం."

ఒక పేరా వేశాడు. గొడుగు అని ఉండాల్సిన చోట 'ఙొడ్ఘ' అని వచ్చింది.

"ఇదెక్కడి కీబోర్డు పెద్దాయనా? ఏ లెక్కకీ అందట్లేదు."

చెప్పాను. ప్రెస్సుకు కంప్యూటర్లు వచ్చినప్పుడు మేం ముట్టుకోమన్నాం. మా చేతులకు కేసు గళ్ళు తప్ప వేరే తెలియవు. అప్పుడు ఓనరు ఎవరినో పట్టుకుని కేసులో ఏ అక్షరం ఎటు పక్క ఉండేదో కీబోర్డులో అటు పక్కే వచ్చేలా చేయించాడు. పై కేసు కావాలంటే షిఫ్టు నొక్కాలి. ఒక్క మా ప్రెస్సు కోసం, ఆరుగురి కోసం చేసిన టైపు అది. ప్రెస్సు మూసి తొమ్మిదేళ్ళు. ఓనరు లేడు. ఆ ఆరుగురిలో నేను మిగిలాను.

"అంటే ప్రపంచంలో ఇంకెక్కడా లేదు," అన్నాడు. వీధి చివరిదాకా వినపడి ఉంటుంది.

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. మళ్ళీ మొదలైంది.

ఆయన వెళ్ళాక అమ్మాయి మెట్ల దగ్గర పట్టుకుంది. "నాన్నా, అమ్మకు చెప్పెయ్."

"చెప్తాను."

"నీ చెప్తాను నాకు తెలుసు."

మార్చి 10, సోమవారం

అయిదు, ఆరు. బాగానే గుర్తున్నాయి. చివరిదాకా మనసులో ఒకసారి చూసుకున్నాను. పందొమ్మిదో భాగం ఒక్కటే సరిగా గుర్తు లేదు. మిగతావన్నీ ఉన్నాయి.

మార్చి 11, మంగళవారం

ఏడు, ఎనిమిది. ఎనిమిదో దాంట్లో నవ్వుతూ కన్న తల్లి గురించి ఆవిడ చెప్పింది రెండు వాక్యాలే. నేను నాలుగు చెప్పాను. ఎలా వచ్చాయో తెలియదు. ఆవిడ ఊరుకుంది.

మార్చి 12, బుధవారం

తొమ్మిదోది గొడుగు పిల్ల. వానకు వార్డు కప్పు కారుతుంటే కాన్పు బల్ల మీద గొడుగు పట్టిన సంగతి. నర్సు గొడుగు పట్టుకుంది అన్నాను.

"ఆగండి. గొడుగు పట్టింది వార్డు ఊడ్చే ఆవిడ. గొడుగు నేను పట్టుకుంటే బిడ్డను మీరొచ్చి పట్టుకున్నారా?"

"తప్పు పడింది."

"దిద్దండి. ఇప్పుడే."

దిద్దుతున్నట్టు చప్పుడు చేయాలి కదా. కీబోర్డు మీద చేతులు పెట్టాను. వేళ్ళు వాటంతటవే కొట్టాయి. గొడుగు పట్టింది వార్డు ఊడ్చే ఆవిడ. తెర మీద అంతా చెత్త పడింది. సెమికోలను, చిన్న జి, రెండు బ్రాకెట్లు.

చెరిపేయబోతూ పైకి చూశాను. తెర మీద మొదటి పేజీ పట్టికే ఉంది. అందులో తొమ్మిదో వరుస కూడా సెమికోలను, చిన్న జి, రెండు బ్రాకెట్లతోనే మొదలైంది.

గొడుగు పిల్ల.

"అయిందా?" అంది ఆవిడ.

"అయింది."

పదోది ఎలాగో చెప్పాను.

మార్చి 13, గురువారం

గొంతు నొప్పి అని చెప్పాను. ఇవాళ, రేపు చదవను.

ఏ చెత్త ఏ అక్షరమో తేలితే ఫైలంతా చదవొచ్చు. కీల మీద ఇంగ్లీషు అక్షరాలు ఎప్పుడో అరిగిపోయాయి. ఏ కీ ఏ అక్షరమో కళ్ళకు తెలియదు, వేళ్ళకే తెలుసు. అందుకని పై వరుస ఎడమ చివర నుంచి ఒక్కో కీ నొక్కడం, తెర మీద ఏ చెత్త పడిందో చూడడం, ఆ కీ కింద మన అక్షరం ఏదో కళ్ళు మూసుకుని వేలిని అడగడం. నోటుబుక్కులో ఎడమ పక్క చెత్త, కుడి పక్క మన అక్షరం. తలకట్టు, గుడి, కొమ్ము, వత్తులు అన్నీ విడివిడిగా.

కళ్ళు తెరిచి అడిగితే వేలు చెప్పదు. రెండుసార్లు తప్పు రాశాను.

మార్చి 14, శుక్రవారం

షిఫ్టు కింది గళ్ళు కూడా అయ్యాయి. ఒక్కటి మిగిలింది, ఏదో గుర్తు పట్టలేదు. సాయంత్రం కూరగాయలు తరుగుతుంటే వేలు కదిలింది. ళ కింద వత్తు.

మార్చి 15, శనివారం

పొద్దున్నుంచి కూర్చుంటే పదకొండో భాగం ఒక్కటే అయింది. నత్తనడక. కానీ ఆవిడ మాట. ఆవిడ చెప్పింది చెప్పినట్టు.

మూడు గంటలకు నోటుబుక్కు ఒళ్ళో పెట్టుకుని, తెరను చూస్తూ చదివాను. పేజీ మారినప్పుడు మౌసు నొక్కాను.

ఆవిడ తల కొంచెం పక్కకు వంచింది.

మార్చి 17, సోమవారం

పన్నెండు, పదమూడు. చెయ్యి తిరుగుతోంది. సగం చెత్త నోటుబుక్కు చూడకుండానే చదువుతున్నాను. సీసం అక్షరాలు కూడా తలకిందులుగా, ఎడమ కుడి మారి ఉండేవి. అవి చదివాను, ఇవి చదవలేనా.

మార్చి 18, మంగళవారం

పద్నాలుగు, పదిహేను. ఆవిడ కాళ్ళు వాచాయి. దిండు వేసి ఎత్తుగా పెట్టాను. ఇంకా ఎనిమిది రోజులు.

మార్చి 19, బుధవారం

పదహారు, పదిహేడు.

పందొమ్మిది దగ్గర పడుతోంది. దాంట్లో వత్తులు ఎక్కువ. కష్టం. దాటేసి ఇరవైకి వెళ్ళొచ్చు. ఇరవై ఏడులో ఒకటి పోతే ఎవరు చూస్తారు.

మార్చి 20, గురువారం

పద్దెనిమిది ఒక్కటే చదివాను. పొద్దు గూకింది అన్నాను. నాలుగు గంటలు కూడా కాలేదు. ఆవిడకు వెలుగు తెలియదు, ఎండ తెలుస్తుంది. చెయ్యి కిటికీ మీద పెట్టింది. చెయ్యి మీద ఎండ ఉంది. "సరే, రేపు," అంది.

మార్చి 21, శుక్రవారం

పొద్దున పందొమ్మిది విడదీశాను. అర్ధగంట పట్టింది.

ఆరో నంబరు మంచం. ఇరవై రెండేళ్ళ మనిషి. ఈ వార్డు నర్సే. తొలి కాన్పు. మగబిడ్డ. గంటా పది నిమిషాలు ఉన్నాడు. భర్తకు కబురు పంపారు. ఆయన పనిచేసే ప్రెస్సు నడిస్తే పావుగంట. ఆయన రాలేదు.

రెండేళ్ళ కింద ఆవిడ ఇది మిగతా కాన్పుల్లాగే చెప్పింది. గొంతు మారలేదు. నేను మిగతా వాటిలాగే టైపు చేశాను. తల ఎత్తలేదు.

వత్తులు ఎక్కువని ఎందుకు రాశానో. చివరి వాక్యంలో ఒక్క వత్తూ లేదు. చుక్కతో కలిపి పద్నాలుగు నొక్కులు.

నలభై అయిదేళ్ళ కింద అర్జెంటు పని పడిందని చెప్పాను. సరే అంది. అంతే. అయిదేళ్ళకు అమ్మాయి పుట్టింది. ఆ మాట మళ్ళీ ఎవరం ఎత్తలేదు.

మూడు గంటలకు చదివాను. భర్తకు కబురు పంపారు అన్నదాకా వచ్చాను. ఆయన పనిచేసే ప్రెస్సు నడిస్తే పావుగంట. తర్వాత ఉన్నది రెండు మాటలు. ఎదురుగా కనిపిస్తున్నాయి. ఇవాళ గుర్తు లేదనడానికి లేదు.

"ఆయన వచ్చాడు," అన్నాను.

నోటుబుక్కు మూశాను.

"గేటు దాకా వచ్చాడు. లోపలికి రాలేదు."

వీధిలో ఎవరో సైకిలు స్టాండు వేస్తున్న చప్పుడు.

"అది నేను చెప్పింది కాదు."

"కాదు."

"టైపులో తప్పా?"

"కాదు."

లేచింది. గోడ పట్టుకుని లోపలికి వెళ్ళింది. సాయం పట్టబోతే చెయ్యి తీసేసింది.

మార్చి 22, శనివారం

మాట్లాడలేదు. కంచం పెట్టాను, తింది. మాత్రలు ఇచ్చాను, వేసుకుంది. మూడు గంటలకు కుర్చీలోకి రాలేదు.

అమ్మాయి ఫోన్ చేసింది. "అమ్మ గొంతు అలా ఉందేంటి? ఏమన్నావు నాన్నా?"

"ఏమీ అనలేదు."

"నువ్వెప్పుడూ ఏమీ అనవు. అదే కదా అమ్మ బాధ."

ఆపరేషను ఇంకా నాలుగు రోజులు. పక్క గదిలోంచి ఆవిడ ఊపిరి వింటున్నాను. కంగారు పెట్టే మాట చెవిన పడకూడదని డాక్టరు చెప్పాడు. నలభై అయిదేళ్ళు దాచినవాణ్ణి ఇంకో అయిదు రోజులు దాచలేకపోయాను.

మార్చి 23, ఆదివారం

అమ్మాయి రావడానికి ముందు. నేను బట్టలు మడత పెడుతున్నాను. ఆవిడ మంచం మీద కూర్చుని ఉంది. రోగిని అడిగినట్టు అడిగింది.

"ఆ గేటు ఏ రంగు?"

"గేటు లేదు."

ముఖం నా వైపు తిప్పింది.

"గేటు తీసేశారు. రంగు వేయడానికి గోడకు ఆనించి పెట్టారు. స్తంభాల మధ్య ఒక బల్ల అడ్డం పెట్టారు. పక్కనుంచి మనుషులు పోతూనే ఉన్నారు."

"బల్ల మీద ఏముంది?"

"అట్టముక్క. తడి రంగు అని రాయబోయారు. సున్న పెట్టలేదు. తడి రగు అని ఉంది."

ఆవిడ చేతిలో ఉన్న తువ్వాలు అలాగే ఉండిపోయింది.

"అది చదువుతూ నిలబడ్డారా?"

"అవును."

"ఎంతసేపు?"

"వార్డులో లైట్లు వేసేదాకా."

తువ్వాలు పక్కన పెట్టింది. "నొప్పులతో పొద్దున మా అమ్మ చెయ్యి పట్టుకుని లోపలికి వస్తూ నేనూ చూశాను. సున్న మింగేశాడు, ఆయన వస్తే చెప్పాలి, తప్పు దొరికితే నవ్వుతాడు అనుకున్నాను. మీరొస్తారని ఆ మాట నోట్లోనే పెట్టుకున్నాను. మర్నాడు గేటు పెట్టేశారు."

నేను చొక్కా మడత పెట్టాను. మళ్ళీ విప్పి మళ్ళీ పెట్టాను.

"గేటు కూడా లేదు. పక్కనుంచి రావచ్చు. ఎందుకు రాలేదు?"

"లోపలికి వస్తే ఏం మాట్లాడాలో తెలియలేదు."

"మాట్లాడమని ఎవరడిగారు? ఊరికే వచ్చి నిలబడితే సరిపోయేది. బల్ల దగ్గర నిలబడ్డట్టే."

ఏడవలేదు. ముక్కు తుడుచుకుంది. "దిద్దండి," అంది.

"రాలేదు అన్నది తీసెయ్యనా?"

"ఎందుకు తీస్తారు? రాలేదు కదా. అది ఉంటుంది. దాని కింద ఇది వెయ్యండి. ఆ అట్ట సంగతి కూడా వెయ్యండి. ఉన్నది ఉన్నట్టు. సున్న పెట్టకండి."

వేశాను. తెర మీద చెత్తే పడింది. అందులో ఒక సున్న లేదని నాకు తెలుసు. ఇన్నేళ్ళ పనిలో తెలిసి తెలిసి తప్పు వేసింది ఇదొక్కటే. రెండుసార్లు ప్రూఫు చూశాను, వేలు అలవాటు కొద్దీ సున్న పెట్టిందేమోనని.

మార్చి 24, సోమవారం

ఇరవై, ఇరవై ఒకటి. ఇరవై ఒకటో దానికి ఆవిడ నవ్వింది. ఆయాసం వచ్చి ఆపేసింది.

"మొదట్లో అయిదు రోజులు మీరు చదవలేదు," అంది.

తల తీసి మొలేసినట్టయింది.

"టీవీ డాక్టరు గొంతు వంటింట్లోకి రాదనుకున్నారా? అంతకు ముందే తెలుసు. పేజీకోసారి మౌసు టక్కుమంటుంది. మొదటిరోజు టక్కు లేదు."

"మరి అడగలేదేం?"

"మీరు అన్ని మాటలు ఒక్క పూటలో మాట్లాడటం నేనెప్పుడు విన్నాను? అడిగితే ఆపేసేవాళ్ళు."

"ఎనిమిదో దాంట్లో మీరు కలిపిన రెండూ బాగున్నాయి. ఉంచండి," అంది.

ఇంకా ఆరు ఉన్నాయి. రేపు పొద్దున్నే ఆసుపత్రిలో చేరాలి. మొత్తం వింటానంది. మొత్తం కాలేదు. గొంతు నొప్పి అన్న ఆ రెండు రోజులు పోయింది నా వల్లే.

మార్చి 25, మంగళవారం

చేర్చాం. తెల్లవారుజామునే లేచి మిగతా ఆరూ నోటుబుక్కులోకి దించాను. నా దస్తూరీ నాకే ఒకచోట అర్థం కాలేదు. సంచిలో పెట్టుకున్నాను.

సాయంత్రం మంచం పక్కన కూర్చుని ఇరవై రెండు మొదలుపెట్టాను. సగంలో మత్తు డాక్టరు వచ్చి లేవమన్నాడు.

ఆవిడ నా చేతిలోని నోటుబుక్కు తడిమి, పేజీ మూల మడత పెట్టించింది. "ఇక్కడ ఆపాం. గుర్తుపెట్టుకోండి."

మార్చి 26, బుధవారం

ఏడున్నరకు తీసుకెళ్ళారు.

తొమ్మిది. ఏమీ లేదు.

పదిన్నర. ఏమీ లేదు. అమ్మాయి వరండా ఆ చివరి నుంచి ఈ చివరికి నడుస్తోంది. నేను గోడల మీద కాగితాలన్నీ చదివాను. రెండు తప్పులు.

పన్నెండు దాటింది.

మార్చి 27, గురువారం

నిన్న మళ్ళీ రాయలేదు.

ఒంటిగంటకు తలుపు తీసి ఒక నర్సు తొంగిచూసింది. అయిపోయింది, బాగానే జరిగింది, ఒక్కరు రావచ్చు అంది. అమ్మాయి నా వైపు చూసింది. ఎప్పుడూ ఇలాంటప్పుడు, నువ్వెళ్ళమ్మా, అంటాను. నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

అనలేదు. లేచాను. సంచి పట్టుకుని వెళ్ళాను.

లోపల చల్లగా ఉంది. ఆవిడ ముఖం మీద గొట్టాలు లేవు, ముక్కులో ఒకటే. ఏ వేలు ఖాళీగా ఉందో చూసి పట్టుకున్నాను. ఏం మాట్లాడాలో తెలియలేదు. మాట్లాడలేదు. నిలబడ్డాను.

చాలాసేపటికి పెదవులు కదిలాయి.

"ఎవరు?"

"నేనే."

"ఎక్కడున్నారు?"

"ఇక్కడే."

"గేటు దగ్గరా?"

"కాదు. లోపల."

వేలు ఒకసారి నొక్కింది. మళ్ళీ నిద్రలోకి వెళ్ళిపోయింది.

బయటికి వచ్చాక అమ్మాయి నా కాళ్ళ వైపు చూసింది.

"చెప్పులతో వెళ్ళిపోయావేంటి నాన్నా? తలుపు మీద అంత పెద్ద బోర్డు ఉంది, బయట విడవమని. చదవలేదా?"

చదవలేదన్నాను.